టెలిఫోను నంబరు, ఈ-మెయిలు చిరునామా: ఒకదానితో నొకటి ముడిపడిన విధము

ఒక మనిషికి కబురు చేరవలెనన్నచో అతడు ఎక్కడ నున్నాడో తెలియవలెను. ఇందులకై మానవుడు కల్పించుకొన్న సాధనమే చిరునామా. తపాలా వారికి ఇంటి నంబరు, వీధి, గ్రామము, జిల్లా చిరునామా. 1972 ఆగస్టు 15వ తేదీ నుండి దీనికి తోడుగా ఆరు అంకెల పిన్ కోడు ఏర్పడినది. టెలిఫోనుకు నంబరే చిరునామా. ఈ-మెయిలుకు పేరే చిరునామా. నేడు గ్రామ పంచాయతీ కార్యాలయములు ఈ మూడు విధముల చిరునామాలతోను వ్యవహారము నడుపుచున్నవి.

వీనిలో తపాలా చిరునామా గ్రామముతో పాటు కదలక నిలిచియుండును. తక్కిన రెండును అట్టివి కావు. టెలిఫోను నంబరు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవచ్చును. ఈ-మెయిలు చిరునామాను తెరచు తాళపుచెవి ఏదో ఒక టెలిఫోను నంబరునకు ముడివడి యుండవచ్చును. బ్యాంకు ఖాతా, పింఛను, ధాన్యము సొమ్ము, కార్యాలయపు ఉత్తర ప్రత్యుత్తరములు అన్నియు ఆ నంబరును నమ్ముకొని నడచుచుండగా అది చేయి మారినచో కలుగు చిక్కు చిన్నది కాదు. కావున ఈ రెండు చిరునామాలును ఎట్లు ముడిపడినవో, ఆ ముడి ఎక్కడ వదులగుటకు వీలున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

నంబరు యొక్క నిర్మాణము

టెలిఫోను నంబరులోని అంకెలు ఇష్టము వచ్చినట్లు పేర్చినవి కావు. ప్రపంచ దేశములన్నియు కలిసి ఏర్పరచుకొన్న ఒక కట్టుబాటు ప్రకారము అవి నిర్ణయింపబడుచున్నవి. ఈ కట్టుబాటును నిర్వహించునది జెనీవా నగరమునందలి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘము. ఈ సంఘము 1865లో పారిస్ నగరమున తంతి వార్తల కొరకు స్థాపింపబడి, కాలక్రమమున ఐక్యరాజ్య సమితికి అనుబంధ సంస్థ అయినది. ఈ సంఘము వారు చేసిన ‘ఇ.164’ అను నిబంధన ప్రకారము ప్రపంచమునందలి ఏ టెలిఫోను నంబరును దేశపు సంకేతముతో కలిపి 15 అంకెలకు మించరాదు.

మొదట దేశమును తెలుపు అంకెలు వచ్చును. మన దేశమునకు 91, పాకిస్తానునకు 92, శ్రీలంకకు 94, బర్మా దేశమునకు 95, నేపాలునకు 977. పిదప ఊరిని తెలుపు అంకెలు. హైదరాబాదుకు 40, విజయవాడకు 866, విశాఖపట్టణమునకు 891. అటుపిమ్మట ఎక్స్చేంజిని, చివరకు ఇంటి తీగను తెలుపు అంకెలు వచ్చును. అనగా టెలిఫోను నంబరు పెద్దదానితో మొదలై చిన్నదానితో ముగియును. ఎక్స్చేంజిలోని యంత్రము ఎడమనుండి ఒక్కొక్క అంకెను గ్రహించుచు దారిని క్రమముగా ఇరుకు చేసికొనుచు పోయి, తుదకు ఒక్క ఇంటి గంటను మ్రోగించును. మన దేశమున ఉద్యోగి సహాయము లేకయే ఒక ఊరి వారు మరియొక ఊరి వారితో మాటలాడు ఎస్.టి.డి. సౌకర్యము 1960లో లక్నో, కాన్పూరు నగరముల నడుమ మొదలైన నాటినుండి ఈ అంకెల ఏర్పాటే దానికి ఆధారము.

చేతి ఫోనులు వచ్చిన తరువాత ఈ ఏర్పాటు కొంత మారినది. మన దేశమున మొట్టమొదటి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన జరిగినది. చేతి ఫోను నంబరు ఊరిని తెలుపదు. మొదటి కొన్ని అంకెలు కంపెనీని, అది పనిచేయు ప్రాంతమును తెలుపుచుండెడివి. అయితే 2010 నవంబరులో హర్యానా యందును, 2011 జనవరి 20వ తేదీ నుండి దేశమంతటను, నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు చందాదారులకు లభించినది. 2015 జూలై నుండి ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు పోయినను అదే నంబరును ఉంచుకొనవచ్చును. ఇందువలన నంబరును చూచినంత మాత్రమున అది ఏ కంపెనీదో చెప్పుటకు వీలులేదు. ప్రతి పిలుపునకు ముందు యంత్రములు ఒక పట్టికను సంప్రదించి, ఈ నంబరు నేడు ఎవరి వద్ద నున్నదో తెలిసికొనవలసి యున్నది. నంబరు, అది చేరు చోటు ఒకటి కావు. రెండింటికిని నడుమ ఒక పట్టిక కలదు. ఈ వ్యాసమున చెప్పబోవు విషయమునకు ఇదియే మూలము.

ఈ-మెయిలు చిరునామా యొక్క నిర్మాణము

1971లో అమెరికా దేశమునందు రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఉత్తరము పంపుటకై మనిషి పేరునకును యంత్రపు పేరునకును నడుమ ‘ఎట్’ అను గుర్తును, అనగా @ గుర్తును, ఉంచెను. ఈ గుర్తునకు ఎడమ ప్రక్క నున్నది ‘ఎవరికి’ అనుదానిని, కుడి ప్రక్క నున్నది ‘ఎక్కడ’ అనుదానిని తెలుపును. అర్ధ శతాబ్దము గడచినను ఆ ఏర్పాటు మారలేదు.

కుడి ప్రక్క నున్న పేరును గమనింపుడు. దానియందలి భాగములు చుక్కలతో విడదీయబడి యుండును. చివరనున్న ‘ఇన్’ భారత దేశమును తెలుపును. దానికి ముందున్న ‘గవ్’ ప్రభుత్వమును తెలుపును. దానికి ముందున్నది రాష్ట్రమునో, శాఖనో తెలుపును. అనగా ఇది ఉత్తరము మీద మనము వ్రాయు చిరునామా వంటిది. మొదట మనిషి, పిదప గ్రామము, పిదప జిల్లా, చివరకు దేశము. చిన్నదానితో మొదలై పెద్దదానితో ముగియును. టెలిఫోను నంబరునకు ఇది సరిగా ఎదురు క్రమము.

కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు. వానికి తెలిసినవి అంకెలే. తొలినాళ్ళలో ఏ పేరు గల యంత్రమునకు ఏ అంకెలో తెలుపు జాబితా ఒక్కటే ఉండెడిది. దానిని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ వారు వ్రాసి యుంచగా తక్కిన వారందరు దాని ప్రతిని తెచ్చుకొనెడివారు. యంత్రముల సంఖ్య పెరిగిన కొలది ఆ ఒక్క జాబితాతో పని జరుగుట కష్టమైనది. అప్పుడు, 1983లో, పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు పేర్ల పట్టికను పలువురకు పంచియిచ్చు పద్ధతిని రూపొందించెను. దీనినే ‘డొమైన్ పేర్ల పద్ధతి’ అందురు.

దీని తీరు మన పల్లెలలో దారి అడుగు తీరే. దూర ప్రాంతము వాడొకడు జిల్లా కేంద్రమునకు వచ్చి ఒక రైతు ఇల్లు ఎక్కడ అని అడిగినచో ఎవరును ఇల్లు చెప్పజాలరు; మండలమునకు దారి చూపుదురు. మండలమున అడిగినచో గ్రామమునకు దారి చూపుదురు. గ్రామమున రచ్చబండ వద్ద అడిగినచో ఇల్లే చూపుదురు. ఒక్కొక్కరికి తమ మేర వరకే తెలియును. అందరి వివరములు ఒక్కరి వద్ద ఉండవు. అయినను వచ్చినవాడు తన గమ్యము చేరును. కంప్యూటర్ల పేర్ల పద్ధతియు ఇట్లే ‘ఇన్’ వారిని అడిగి, వారు చూపిన ‘గవ్’ వారిని అడిగి, అటుపిమ్మట శాఖ వారిని అడిగి తుది అంకెలను సంపాదించును. ఈ పనియంతయు రెప్పపాటు కాలమున ముగియును.

రెండింటిని కలుపుటకు తొలి ప్రయత్నము

ఈ రెండు చిరునామాలను ఒకటిగా కలుపవలెనను కోరిక కంప్యూటర్ల వారికి మొదటినుండియు కలదు. అందులకు కారణము స్పష్టము. టెలిఫోను నంబరు అందరికిని తెలిసినది. ఇంగ్లీషు రానివారును అంకెలను నొక్కగలరు. పాత ఫోనులపై అంకెలే గాని అక్షరములు వ్రాయుటకు అనువైన మీటలు ఉండెడివి కావు. కాబట్టి నంబరు తెలిసినచో ఉత్తరము కూడ పంపుటకు వీలుండిన ఎంత సౌకర్యము!

1993లో అమెరికాలో కార్ల్ మలముద్, మార్షల్ రోజ్ అను ఇద్దరు ఒక ప్రయోగము చేసిరి. అప్పటికి కార్యాలయములందు ఫ్యాక్సు యంత్రములు విరివిగా నుండెను. ఈ-మెయిలు గలవారు తక్కువ. ఈ-మెయిలు వ్రాసినవాడు ఫ్యాక్సు నంబరునే చిరునామాగా వాడుటకు వారు వీలు కల్పించిరి. ఆ నంబరునందలి అంకెలను వెనుక నుండి ముందునకు త్రిప్పి, నడుమ చుక్కలు పెట్టి, చివర ‘టిపిసి.ఇంట్’ అని చేర్చిన అది ఈ-మెయిలు చిరునామా అగును. అంకెలను త్రిప్పుటకు హేతువు పైన చెప్పినదే. నంబరు పెద్దదానితో మొదలగును, ఈ-మెయిలు పేరు పెద్దదానితో ముగియును. రెండును కలియవలెనన్న ఒకటి తలక్రిందులు కావలెను.

ఈ పద్ధతిలో ఒక్కొక్క ఊరివారు స్వచ్ఛందముగా తమ ఊరి నంబర్ల భారమును వహించిరి. ఉత్తరము ఇంటర్నెట్టు ద్వారా ఆ ఊరి కంప్యూటరు వరకు వచ్చును. అక్కడి నుండి స్థానికమైన టెలిఫోను పిలుపుతో ఫ్యాక్సు యంత్రమును చేరి కాగితముపై అచ్చు పడును. దూరపు పిలుపులకు అధిక రుసుము చెల్లింపవలసిన ఆ రోజులలో ఇది చాల ఆదా. పిదప 1998లో, టెలిఫోను లేక ఫ్యాక్సు నంబరును ‘ఎట్’ గుర్తునకు ఎడమ ప్రక్కన ఏ తీరున వ్రాయవలెనో తెలుపు నియమములు వెలువడినవి. ఇట్లు నంబరు ఈ-మెయిలు చిరునామాలో ఎడమ ప్రక్కను, కుడి ప్రక్కను కూడ చోటు సంపాదించినది.

ఈ-నమ్ పద్ధతి

2000 సెప్టెంబరులో ఈ ఆలోచన ఒక ప్రపంచ నియమముగా రూపొందినది. స్వీడన్ దేశస్థుడైన పాట్రిక్ ఫాల్ట్‌స్ట్రమ్ దాని తొలి పాఠమును వ్రాసెను. 2004లోను, 2011లోను అది సవరింపబడినది. దీనికి ‘ఈ-నమ్’ అని పేరు. రైతు సోదరులెరిగిన ‘ఈ-నామ్’ వ్యవసాయ మార్కెట్టు వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా నున్నను రెండింటికిని సంబంధము లేదు.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో చూతము. బ్రిటిషు ప్రభుత్వపు వారు నాటకములలోను, చలన చిత్రములలోను చూపుటకై కొన్ని నంబర్లను ఎవరికిని ఇయ్యక ప్రత్యేకించి యుంచినారు. వానిలో ఒకటి +44 20 7946 0148. దీనిని ఈ క్రింది విధముగ మార్చవలెను.

1. దేశపు సంకేతముతో సహా పూర్తి నంబరును వ్రాయవలెను.

2. ముందున్న కూడిక గుర్తును, నడుమ నున్న ఖాళీలను తీసివేయవలెను. అప్పుడు 442079460148 మిగులును.

3. అంకెలను వెనుకనుండి ముందునకు వ్రాసి, ఒక్కొక్క అంకె నడుమ చుక్క పెట్టవలెను. అప్పుడు 8.4.1.0.6.4.9.7.0.2.4.4 అగును.

4. చివర ‘ఇ164.ఆర్పా’ అను పేరును చేర్చవలెను.

ఇప్పుడు నంబరు ఒక డొమైన్ పేరైనది. కంప్యూటరు దీనిని చివరినుండి అడుగుచు పోవును. మొదట ‘ఇ164.ఆర్పా’ వారిని అడుగును. ఈ పట్టికను ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి రైప్ ఎన్.సి.సి. అను సంస్థ నిర్వహించుచున్నది. వారు 44 అను అంకెలను చూచి బ్రిటన్ వారిని అడుగుమని త్రోవ చూపుదురు. ఏ దేశపు అంకెల అధికారము ఆ దేశముదే. ఆ దేశపు సమ్మతి లేక దాని సంకేతమును ఎవరికిని అప్పగింపరాదు. ఆ సమ్మతిని జెనీవాలోని సంఘము ద్వారా తెలిసికొందురు.

చివరకు లభించు సమాధానము ఒక్క చిరునామా కాదు, ఒక వరుస. ‘ఈ నంబరు వారిని మొదట ఇంటర్నెట్టు టెలిఫోను ద్వారా పిలువుడు, దొరకనిచో ఈ ఈ-మెయిలు చిరునామాకు వ్రాయుడు, అదియు కానిచో ఫ్యాక్సు పంపుడు’ అని ఆ వరుస తెలుపును. ఊరు మారిన వ్యక్తి పోస్టు మాస్టరునకు తన ఉత్తరములను ఎక్కడకు మళ్ళింపవలెనో వ్రాసి యిచ్చుట వంటిది ఈ ఏర్పాటు. ఈ-మెయిలు కంపెనీని మార్చినను, ఫోను కంపెనీని మార్చినను అతడు ఈ వరుసను సవరించినచో చాలును. ఇతరుల వద్ద నున్న అతని నంబరు మాత్రము మారదు. ఒక్క నంబరు తెలిసిన చాలును, మనిషిని ఏ విధముననైనను చేరవచ్చును. ఇదియే ఈ-నమ్ పద్ధతి యొక్క ఆశయము.

అది ఏల వ్యాపింపలేదు

2004 డిసెంబరులో ఆస్ట్రియా దేశము ప్రపంచమున మొట్టమొదటగా ఈ పద్ధతిని ప్రజల వాడుకకు వ్యాపార రీతిన ప్రవేశపెట్టినది. మరికొన్ని దేశములు దానిని అనుసరించినవి. అయినను ఆశించినంతగా ఇది ప్రజలలో వ్యాపింపలేదు. అందులకు ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది: నంబరును నిజముగా వాడుచున్నవాడే దాని వరుసను వ్రాయవలెను. మరియొకడు వ్రాసినచో ఉత్తరములు, పిలుపులు దారి తప్పి వాని వశమగును. నంబరు ఎవరిదో రుజువు చేయుట, అది చేయి మారిన వెంటనే పట్టికను సరిదిద్దుట శ్రమతోను, వ్యయముతోను కూడిన పనులు.

రెండవది: ఆ పట్టిక అందరికిని తెరచియుండును. దురుద్దేశము గలవాడు నంబర్లను వరుసగా వెదకుచు పోయి ఈ-మెయిలు చిరునామాలన్నింటిని ప్రోగు చేసికొనవచ్చును. మనుష్యులు తమ వివరములు గోప్యముగా నుండవలెనని కోరుదురు గదా.

మూడవది: టెలిఫోను కంపెనీల లాభము పిలుపులపై ఆధారపడి యుండెను. పిలుపు తమ తీగలను విడిచి ఇంటర్నెట్టు దారిని పోవుటకు తోడ్పడు పట్టికపై వారికి ఉత్సాహము లేకపోయెను. అయితే వారే అదే పద్ధతిని తమలో తాము, ఇతరులకు కనబడని పట్టికలుగా, నంబరు ఏ కంపెనీలో నున్నదో తెలిసికొనుటకు వాడుకొనుచున్నారు. బహిరంగ పట్టిక వెనుకబడినను ఆలోచన చావలేదు.

ఆ ఆలోచన మన ఇండ్లకు వచ్చిన తీరు

నేడు నంబరునకును ఇతర చిరునామాలకును ముడి వేయు పట్టికలు మన దేశమున పెక్కు కలవు. అయితే అవి అందరికిని తెరచిన ఒక్క పట్టికగా గాక, ఒక్కొక్క సంస్థ వద్ద ఒక్కొక్కటిగా నున్నవి. చేతి ఫోనులో సందేశములు పంపు సంస్థలు నంబరునే మనిషి పేరుగా గ్రహించుచున్నవి. ఈ-మెయిలు ఇచ్చు సంస్థలు పెక్కు, రహస్య పదమును మరచిన వానికి నంబరునకు ఒక సంకేతమును పంపి, దానిని చెప్పినచో తలుపు తెరచుచున్నవి. అనగా నంబరు ఎవరి చేతనున్నదో ఈ-మెయిలు తాళపుచెవియు వారి చేతనున్నట్లే.

వీనిలో గ్రామములకు మిక్కిలి పరిచితమైనది యు.పి.ఐ. పద్ధతి. 2016లో ఇది ప్రారంభమైనది. ఇందు సొమ్ము పుచ్చుకొనువాని చిరునామా సరిగా ఈ-మెయిలు చిరునామా ఆకారమున నుండును. ‘ఎట్’ గుర్తునకు ఎడమ ప్రక్క మనిషిని తెలుపు పేరు, కుడి ప్రక్క బ్యాంకును లేక సేవ జరుపు సంస్థను తెలుపు పేరు. పెక్కుమంది విషయమున ఎడమ ప్రక్క నుండునది వారి టెలిఫోను నంబరే. ఇది ఈ-మెయిలు కాదు. దీనికి ఉత్తరము వ్రాసిన చేరదు. కాని 1971 నాటి గుర్తు, టెలిఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఈ మూడును ఒక్క పంక్తిలో కలియుట మన కండ్ల యెదుట జరిగినది. కిరాణా కొట్టు వాని ఖాతా అంకెలు, బ్యాంకు శాఖ పేరు మనకు తెలియనక్కరలేదు. నంబరు చెప్పిన చాలును. తక్కినది పట్టిక చూచుకొనును.

ముడి వదులగు చోటు

సౌకర్యము ఎంతటిదో ప్రమాదమును అంతటిదే. నంబరు మన సొత్తు కాదు. అది ప్రభుత్వము కంపెనీకి కేటాయించిన అంకెల వరుస. చందా నడచినంత కాలము మనకు వాడుక హక్కు మాత్రము కలదు. ఎక్కువ కాలము వాడక విడిచినను, మానుకొందునని చెప్పినను, కంపెనీ దానిని నిలిపివేసి కొంతకాలము గడచిన పిమ్మట మరియొకరికి ఇచ్చును. ఈ గడువు కనీసము 90 దినములని టెలికామ్ నియంత్రణ సంస్థ వారు సుప్రీం కోర్టునకు నివేదించిరి. 2023 నవంబరులో ఆ వ్యాజ్యమును ముగించుచు కోర్టువారు, పాత నంబరుతో ముడివడిన వివరములను తొలగించుకొను జాగ్రత్త చందాదారుడే వహింపవలెనను అర్థము వచ్చునట్లు తెలిపిరి.

ఒక వృద్ధురాలు ఉన్నదనుకొందము. కుమారుడు పట్టణమునుండి తెచ్చి యిచ్చిన ఫోను నంబరును ఆమె బ్యాంకులోను, పింఛను కాగితములలోను వ్రాయించినది. ఫోను చెడిపోయినది, రీచార్జి ఆగినది, నెలలు గడచినవి. కుమారుడు క్రొత్త నంబరు కొనియిచ్చెను. పాత నంబరును ఇప్పుడు ఏ దూరపు ఊరివాడో న్యాయముగానే కొని వాడుచున్నాడు. ఆమె ఖాతాలో సొమ్ము పడిన కబురు అతనికి పోవును. ఆమె కొరకు పంపిన ఒకసారి వాడుక సంకేతము అతనికి పోవును. అతడు మంచివాడైనచో కబురును చెరిపివేయును. ఆమెకు మాత్రము ఏ కబురును చేరదు. అతడు చెడ్డవాడైనచో ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. ఇక్కడ తప్పు చేసినవారెవరును లేరు. ముడిని విప్పవలసిన సమయమున ఎవరును విప్పలేదు, అంతే.

ఈ ప్రమాదమును గుర్తించి, 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు వారు, రద్దయిన నంబర్ల జాబితాను చూచి తమ ఖాతాదారుల వివరములను సరిదిద్దుకొనవలెనని బ్యాంకులను ఆదేశించిరి. ఇతరుల పేరిట మారు సిమ్ సంపాదించి మోసగించు వారిని అరికట్టుటకు, సిమ్ మార్చిన పిదప 7 దినముల వరకు ఆ నంబరును వేరు కంపెనీకి మార్చుటకు వీలులేదని 2024 జూలై 1వ తేదీ నుండి నియమము అమలులోనికి వచ్చినది. ఈ ఏర్పాట్లు మంచివే. కాని చందాదారుని జాగ్రత్తకు ఇవి తోడుగా నుండునే గాని ప్రత్యామ్నాయములు కావు.

పంచాయతీలు చేయదగినవి

పంచాయతీకి కాలపరిమితి ఐదు సంవత్సరములు. సర్పంచులు మారుదురు, కార్యదర్శులకు బదిలీలగును. కాని కార్యాలయము శాశ్వతము. కార్యాలయపు చిరునామాలు వ్యక్తులతో పాటు పోకుండ చూచుట సభ్యుల బాధ్యత. అందులకై ఈ క్రింది విషయములు గమనింపదగినవి.

1. కార్యాలయమునకు ప్రత్యేకముగా ఒక నంబరు ఉండుట మంచిది. అది కార్యాలయము పేరిట తీసికొనబడినదై, దాని రీచార్జి వ్యయము పద్దులలో చూపబడవలెను. సర్పంచి గారి సొంత నంబరును కార్యాలయ నంబరుగా వ్రాయించినచో పదవి ముగిసిన నాడు చిక్కులు తప్పవు.

2. కార్యాలయపు ఈ-మెయిలు ప్రభుత్వము ఇచ్చినదైనచో మేలు. అది ఏ నంబరునకు ముడివడి యున్నదో కార్యదర్శి వ్రాసి యుంచవలెను. వెనుకటి కార్యదర్శి సొంత ఫోనునకు ముడివడి యున్నచో క్రొత్త కార్యదర్శికి తలుపు తెరచుకొనదు.

3. బాధ్యతలు అప్పగించునప్పుడు రికార్డులు, నగదు పుస్తకము, ముద్రలతో పాటు నంబర్లు, ఈ-మెయిలు చిరునామాలు, అవి ముడివడిన చోట్లు తెలుపు జాబితాను కూడ అప్పగింత పత్రమున చేర్చవలెను. రహస్య పదమును మాత్రము ఆ కాగితముపై వ్రాయరాదు. దానిని క్రొత్తవారు వెంటనే మార్చుకొనవలెను.

4. గ్రామసభలో ఒకమారైనను ఈ విషయమును ప్రస్తావింపవలెను. నంబరు మార్చదలచినవారు మొదట బ్యాంకులోను, ఆధారులోను, పింఛను, గ్యాసు కాగితములలోను, ఈ-మెయిలులోను క్రొత్త నంబరును నమోదు చేయించి, అటుపిమ్మటనే పాతదానిని విడువవలెను. ఈ వరుస తప్పినచో పాత నంబరునకు వచ్చు సంకేతము లేక క్రొత్తదానిని నమోదు చేయుట కష్టమగును. కంపెనీ సేవ నచ్చనిచో నంబరునే విడువనక్కరలేదు. 1900 అను నంబరునకు సందేశము పంపి, నంబరును ఉంచుకొనియే కంపెనీని మార్చుకొనవచ్చును.

5. తమ పేరిట ఎన్ని నంబర్లు కలవో ప్రతివారును చూచుకొనవలెను. ఈ సౌకర్యము 2021 ఏప్రిల్‌లో మొట్టమొదట ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారికే కల్పింపబడినది. నేడు ఇది ‘సంచార్ సాథీ’ అను ప్రభుత్వ ఏర్పాటులో భాగముగా దేశమంతటను లభించుచున్నది. తమకు తెలియని నంబరు కనబడినచో అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును.

6. నంబరు చెప్పి సొమ్ము పంపునప్పుడు తెరపై కనబడు పేరును చదివి, సరియైన మనిషియేనని నిర్ధారించుకొనిన పిదపనే రహస్య అంకెలను నొక్కవలెను. నంబరు అదే అయినను మనిషి మారి యుండవచ్చును. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్య అంకెలతో పనిలేదు. ఎవరైన అట్లు అడిగినచో అది మోసమని తెలియవలెను.

7. మోసము జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన సొమ్మును నిలుపుటకు అంత అవకాశము కలదు. ఈ నంబరును కార్యాలయపు గోడపై పెద్ద అంకెలతో వ్రాయించుట ప్రతి పంచాయతీ చేయగల పని.

ఈ పనులకు పెద్ద వ్యయము లేదు. ఒక పుస్తకము, ఒక జాబితా, కొంత శ్రద్ధ చాలును. చదువురాని వృద్ధులు, ఒంటరి స్త్రీలు, వలస పోయిన కూలీల కుటుంబములు ఈ ముడిని తమంత తామే సరిచూచుకొనలేరు. వారి వార్డు సభ్యుడు ఇంటికి పోయి, ‘అమ్మా, మీ బ్యాంకు పుస్తకములో ఉన్న నంబరు ఇదేనా? ఆ ఫోను ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది?’ అని అడిగినచో అది గొప్ప సేవ. పింఛను పంచు దినమున ఈ ప్రశ్నను అడుగుట మరియు సులభము. ఆ రెండు ప్రశ్నలకు సమాధానములను ఇంటింట వ్రాసికొని, తేడా యున్నవారిని బ్యాంకునకు తోడ్కొనిపోవు పనిని రాబోవు గ్రామసభ నాటికి ప్రతి వార్డు సభ్యుడును పూర్తిచేయుట వాంఛనీయము.